రాతి వేలు

ఇంతవరకు ఏమీ అడగలేదు, అదే నాకు అనుమానం. బస్సు దిగగానే ఎదురొచ్చాడు, నా చేతిలో సంచి అందుకోబోయాడు, నేనివ్వలేదు, సరేలే అన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుని “అన్నం తిన్నావా లక్ష్మీ” అన్నాడు. లక్ష్మీ అట. పెళ్ళయిన నాటినుంచి ఈయన నోట్లో నాకు ‘ఏమే’ తప్ప ఇంకో పేరు లేదు. నా పూర్తి పేరు లక్ష్మీతిరుపతమ్మ అని నామినేషను కాగితం నింపిన రోజు ఒక్కసారి రాసి ఉంటాడు, అంతే. ఊరక రారు మహానుభావులు అని ఇంటికి ఏ చుట్టం వచ్చినా మా అమ్మ వెంకాయమ్మ అంటుంది, అల్లుడి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సామెత మరిచిపోయింది. “పోయి చూసి రావే, సినిమా చూస్తే ఏం పోద్ది” అని పొద్దున్నే నా జడ తనే వేసి మల్లెపూలు కూడా పెట్టింది. ఏం పోతుందో అమ్మకు తెలియదా? ఇదే నరసరావుపేటలో, ఇదే హాల్లో, ఇదే బాల్కనీలో, ఈ సినిమాకు మొదటి భాగం చూస్తూ కూర్చున్నప్పుడే కదా పోవాల్సిందంతా పోయింది. ఇప్పుడు రెండో భాగం వచ్చింది, ‘రాతిమనిషి-2’, “రెండో భాగం ఇడుదలయింది, ఇద్దరం చూద్దాం రా” అని ఫోను చేశాడు గోపాలకృష్ణ. కోర్టు కాగితం లేకుండా, కాపురమూ లేకుండా ఇన్నేళ్ళు ముప్పాళ్ళలో పుట్టింట్లో పడి ఉన్న పెళ్ళాన్ని, ఊళ్ళో ఇన్ని హాళ్ళుండగా ఈ హాలుకే పిలిచాడంటే మనిషికి సిగ్గు లేకనైనా అయ్యుండాలి, ఏదో పని పడైనా అయ్యుండాలి. పైగా “ఆధార్ కార్డు మర్చిపోమాక” అన్నాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం, కార్డు చూపించాలి, నిజమే, కానీ నా కార్డు సంగతి ఈయనకెందుకు? కండక్టరుకు చూపించి వెంటనే జాకెట్లో దోపుకున్నాను, ఇప్పటికీ అది అక్కడే గుచ్చుకుంటూ ఉంది.

దీపాలు ఆరిపోయాయి. కింద నేల టికెట్ల కుర్రాళ్ళు కాగితాలు చింపి గాల్లోకి ఎగరేస్తున్నారు, ఈలలకు చెవులు గింగురుమంటున్నాయి. తెర మీద ముందుగా పాత కథ చూపిస్తున్నారు, మరిచిపోయిన వాళ్ళ కోసం. నేనేం మరిచిపోలేదు. కొండయ్య సున్నపురాయి క్వారీలో కూలీ. ఒళ్ళు రాయి చేసుకోగల శక్తి వస్తుంది. రాయైతే గుండు తగిలినా ఏం కాదు, గొడ్డలి దిగదు. కానీ ఆ కథ రాసినవాడు తెలివైనవాడు, దానికొక మెలిక పెట్టాడు. ఎక్కువసేపు రాయిగా ఉండిపోతే మళ్ళీ మనిషయ్యేటప్పుడు ఏదో ఒకటి తిరిగి రాదు. మొదటి భాగం చివర్లో కొండయ్యకు ఎడమ చేతి ఉంగరపు వేలు రాయిగానే మిగిలిపోయింది. ఆ చేత్తో వాడు భార్య చెంప నిమిరితే నాలుగు వేళ్ళకు తెలుస్తుంది, ఐదోదానికి తెలియదు. ఆ సీనుకు నేను ఈ బాల్కనీలోనే ఏడ్చాను. నా పక్క కుర్చీ అప్పుడు ఖాళీగా ఉంది. ఇప్పుడు ఆ పక్క కుర్చీలోని మనిషి నా వైపు ఒంగి గుసగుసగా అడిగాడు, “ఆ యేలేంది, అట్టా రాయి మాదిరుంది?” అడిగాక తనకే తెలిసొచ్చింది, గభాలున వెనక్కి జరిగాడు. చూడలేదు కదా మరి. మొదటి భాగంలో రెండో సగం ఈయన చూడనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ చీకట్లో ప్యాంటు మీద లేని దుమ్ము దులుపుకుంటున్నాడు.

ఆ వేలేమిటో ఈయనకెందుకు తెలియదో నాకు తెలుసు. మా అత్తగారి ఊరు కోటప్పకొండకు దగ్గర. ఊళ్ళో అంతా రెండే, ఆ వైపు, ఈ వైపు. టీకొట్లు రెండు, శివరాత్రికి కొండకు కట్టుకెళ్ళే ఎత్తైన ప్రభలు రెండు. ఆ ఏడు సర్పంచి సీటు ఆడవాళ్ళకొచ్చింది. డ్వాక్రా సంఘానికి నేను లీడరును, ఆడవాళ్ళు నా మాట వింటారని మా వైపు పెద్ద బాలకోటయ్య నా పేరు పెట్టాడు. ఆయన గోపాలకృష్ణకు సొంత బాబాయి, నాకు చినమామయ్య. ఆడదాని పేరు ప్రతిపాదించేది మొగుడు గాక ఇంకెవరు? మా వైపు అసలు అది అడగాల్సిన ప్రశ్నే కాదు. ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అని వేలితో చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను, రాసిన కాగితమేదో, రాయని కాగితమేదో చూడలేదు. పల్నాడులో నామినేషను వెయ్యడం పెద్ద పనేం కాదు. గడువు దాటేదాకా దాన్ని కాపాడుకోవడమే పెద్ద పని. ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటల దాకా, అవతలి వాళ్ళు బెదిరించో బతిమాలో ఉపసంహరించుకోమని సంతకం పెట్టించుకోకుండా, నిలబడ్డ మనిషిని ఎక్కడో ఒకచోట దాచేస్తారు. కొందరిని శ్రీశైలం తీసుకుపోతారు, కొందరిని చుట్టాలింట్లో పైగదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు. నన్ను సినిమాకు తీసుకొచ్చాడు. “ఫోను ఆపెయ్, మూడు దాటిందాకా తియ్యమాక. ఈడైతే ఎవుడూ ఎతకడు” అన్నాడు. ఎంత మురిసిపోయానో! నా మొగుడు నన్ను దాచిపెడుతున్నాడని, ఊరంతటి మీదా నా కోసం ఎదురు తిరిగాడని. ఇంటర్వెల్‌లో పఫ్‌లు తెస్తానని లేచాడు. సినిమా అయిపోవస్తుండగా వచ్చాడు. పఫ్‌లు చల్లగా చద్దివాసన వేస్తున్నాయి. “షాపులో చానా మంది ఉండారు” అన్నాడు. నేను ఆ చల్లటి పఫ్ నవ్వుతూ తిన్నాను. మంచి సీనంతా పోగొట్టుకున్నావయ్యా అని జాలి కూడా పడ్డాను. ఊళ్ళోకి పోయేసరికి ఆ వైపు వాళ్ళ వీధిలో టపాకాయలు కాలుతున్నాయి, ఏకగ్రీవం అంట. నేను సంతకం పెట్టిచ్చిన కాగితాల్లో ఒకటి ఉపసంహరణకు పనికొచ్చింది. అది తీసుకుపోయి మండలాఫీసులో ఇచ్చొచ్చింది ఎవరో కాదు, నన్ను దాచిన మనిషే. ప్రతిపాదించినవాడు తెచ్చిచ్చినా చెల్లుతుందట. పెద్దలు పెద్దలు కూర్చుని రాజీ చేసుకున్నారు. ఆ వైపుకు సర్పంచి, చినమామయ్యకు ఉపసర్పంచి, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో గోపాలకృష్ణ లారీకి లోడు. నాకు చల్లటి పఫ్.

అంతకంటే బాధ పెట్టిన మాట గురవమ్మత్తది. మా సంఘంలో పెద్దది, నా కోసం ఇల్లిల్లూ తిరిగింది. వీధిలో ఎదురుపడి, “ఏందే తిరపతమ్మా, మాకొక మాటన్నా చెప్పకుండా తప్పుకుంటివి? మమ్మల్ని ఎంతకి అమ్మావే” అంది. నాకు తెలియదత్తా, నేను సినిమాకు పోయానత్తా అని చెబితే నమ్మలేదు. ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. నామినేషను ఆఖరి రోజు సినిమాకు పోయిన ఆడది అమాయకురాలని ఎవరంటారు? ఆ వారంలోనే ముప్పాళ్ళ వచ్చేశాను. పిల్లలు లేరు, ఉండుంటే పెద్దలు మా పంచాయితీ ఎప్పుడో తేల్చి ఉండేవాళ్ళు. ఓటు మాత్రం అక్కడే ఉంది. మార్పించుకోమని అమ్మ ఎన్నిసార్లు పోరినా నేనే మార్పించుకోలేదు, ఎందుకో నాకూ తెలియదు. ఒక్కోసారి నా మీద నాకే అనుమానం.

హీరో వచ్చాడు. హెలికాప్టర్ లోంచి దూకుతూ వచ్చాడు. మొదటి భాగంలో రాళ్ళు మోసే గమేళా నెత్తిన పెట్టుకుని వచ్చాడు, సున్నం దుమ్ము కొట్టుకుపోయిన కనురెప్పలతో, దగ్గుతూ. ఇప్పుడు దగ్గు లేదు, దుమ్ము లేదు, కనురెప్పలకు రంగేదో వేసినట్టున్నారు. నేను సత్తెనపల్లిలో విత్తనాల షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటాను, నాకు ఈ సంగతి కొత్త కాదు. ఒక ఏడు ఏదో ఒక మిరప రకం బ్రహ్మాండంగా కాస్తుంది. మరుసటి ఏడు అదే పేరుకు ‘సూపర్’ అనో ‘గోల్డ్’ అనో తగిలించి కొత్త ప్యాకెట్ వస్తుంది, బొమ్మలో కాయ ఇంకా పొడుగు, ఇంకా ఎరుపు. రైతులు ఎగబడతారు. లోపల విత్తనం ఏమిటో మొలిచేదాకా దేవుడికే ఎరుక. అందుకే ఎవరు ప్యాకెట్ చేతిలో పెట్టినా ముందు తిప్పి వెనకవైపు చూస్తాను. మంచి మంచే, చెడు చెడే, షాపులో కూడా అలాగే చెబుతాను, యజమాని కోప్పడ్డా సరే. ఈ రెండో భాగంలో బొమ్మ గొప్పగా ఉంది, కాదనను. తెల్లవారుజామున క్వారీని పైనుంచి చూపించినప్పుడు, ఆ తెల్లటి మెట్లు మెట్లు రాయి మీద ఎండ పడ్డప్పుడు, ఇది మన పిడుగురాళ్ళ పక్కదే అని గుండె ఝల్లుమంది. విలన్ అరవడు, మెల్లగా మాట్లాడతాడు, మంచినీళ్ళు ఇచ్చి మరీ బెదిరిస్తాడు, అదీ నిజం, మెల్లగా మాట్లాడేవాళ్ళతోనే కష్టం, మా చినమామయ్య జన్మలో గొంతు పెంచలేదు. కానీ మిగతాదంతా వాపు, బలుపు కాదు. పది మందితో జరిగిన దెబ్బలాట వెయ్యి మందితో జరుగుతోంది, అప్పుడు ఒక గోడ కూలింది, ఇప్పుడు ఊరే కూలుతోంది, అయినా అప్పుడు కలిగిన భయంలో పావు వంతు కలగడం లేదు. మా ఊళ్ళో ప్రభ కూడా ఇంతే, పోయినేటి కంటే ఒక మూరన్నా ఎత్తు కట్టకపోతే ఆ వైపు వాళ్ళు నవ్వుతారని ఏటేటా పెంచుకుంటూ పోతారు, చివరికి కరెంటు తీగలు విప్పితే గాని వీధి దాటదు.

ఇక పాట. మంచుకొండ. పాత హీరోయిన్, ఆ క్వారీ దగ్గర బడిపంతులమ్మ, ఏమైందో ఒక్క మాట లేదు, గోడ మీద దండ వేసిన ఫోటో ఒక్కసారి కనపడింది, అంతే, మనిషిని అలా తీసేశారు. కొత్తమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి కొండయ్య చెయ్యి పట్టుకుని ఆ రాతి వేలును ముద్దు పెట్టుకుంది, రాయి కరిగిపోయింది. వేలు బాగైపోయింది! పాటలో! హాలంతా ఈలలు, నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత కష్టపడి పోగొట్టుకున్నాడు ఆ వేలు, ఊరు ఊరంతా చూస్తుండగా, రక్తం కారుతుండగా. దాన్ని ఒక పల్లవిలో తిరిగిచ్చేస్తారా? అలా తిరిగొచ్చేదైతే మొదటి భాగంలో మేము ఏడ్చిన ఏడుపు ఏం కావాలి? అప్పుడర్థమైంది నాకు, పక్కన కూర్చున్నాయన ఎందుకు పిలిచాడో. ఈయనకీ పాటే కావాలి. ఒక సినిమా, ఒక ‘లక్ష్మీ’, రెండు మల్లెపూలు, అంతా బాగైపోవాలి. మళ్ళీ ఎన్నికలంటున్నారు, మా ఊరు ఈసారి కూడా ఆడవాళ్ళకే అని షాపుకొచ్చిన రైతు ఒకాయన అన్నాడు. ఆ మాట విన్న నాలుగు రోజులకు గోపాలకృష్ణ ఫోను. చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. పైగా ఆయన జేబులో ఫోను గుయ్‌మని కొట్టుకుంటూనే ఉంది, తీసి చూడడు, చెయ్యి పెట్టి నొక్కేస్తాడు. నేను చూస్తున్నానని చూడడం లేదా, చూడాల్సిన పని లేక చూడడం లేదా? అనుమానం పెనుభూతం అంటారు, నిజమే, కానీ ఈ భూతాన్ని నేను పిలవలేదు, ఈ కుర్చీలోనే నాకు పట్టించారు.

ఇంటర్వెల్ పడింది. దీపాలు వెలిగాయి. ఇప్పుడు లేస్తాడు, పఫ్‌లు అంటాడు, పోతాడు. ఈసారి నేనూ వెనకే పోతాను, మెట్ల మలుపు దగ్గర నిలబడి ఎవరితో మాట్లాడతాడో చూస్తాను, అని చెప్పుల్లో కాళ్ళు కూడా దూర్చాను. ఆయన లేవలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, స్కూలు పిల్లవాడిలా తెర మీద ప్రకటనలు చూస్తున్నాడు, గుట్కా ప్రకటన, నగల ప్రకటన. మనిషి చిక్కాడు. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు, రంగు వేసుకోలేదు, లారీ నడిపి నడిపి కుడి చెయ్యి ఎడమదాని కంటే నల్లగా ఉంది. జాలి కలగబోయింది, పళ్ళ బిగువున ఆపుకున్నాను. లేవకపోవడం కూడా ఎత్తే కదా, లేస్తే నేను అనుమానిస్తానని తెలుసు కాబట్టే లేవలేదు. సరే, చూద్దాం. “పఫ్ తెచ్చుకో పో” అన్నాను. ఇన్నాళ్ళ తర్వాత నేను ఈయనతో నా అంతట నేనుగా అన్న మొదటి మాట అది. ఉలిక్కిపడ్డాడు. “వద్దులే, ఈడ్నే ఉంటా” అన్నాడు. “నాకు కావాల” అన్నాను. నా ముఖంలోకి చూశాడు, ఏదో అనబోయాడు. లేచి వెళ్ళాడు.

రెండో సగం మొదలైంది. కుర్చీ ఖాళీ. తెర మీద ఏం జరుగుతోందో నాకు తెలియడం లేదు, ఎవరో ఎవరినో తరుముతున్నారు, రైలు పట్టాలు, అరుపులు, నా కళ్ళన్నీ తలుపు పైన ఎర్రదీపం మీదే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెలుతురు చీలిక పడుతుంది, ఎవరో మూడు పాప్‌కార్న్‌లతో, ఎవరో ఏడుస్తున్న పిల్లతో, ఈయన కాదు. జాకెట్లో కార్డు తడిమి చూసుకున్నాను, ఉంది. ఏం చెయ్యగలడు ఇప్పుడు? నామినేషన్లు మొదలవ్వనే లేదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అయినా ఎందుకింత దడ? భయం కాదిది. ఆయన రాకపోతే నేను అనుకున్నదే నిజమైందని ఒక చల్లదనం, వస్తాడేమోనని ఇంకోటి, ఆ ఇంకోటి ఏమిటో పేరు పెట్టడం నాకిష్టం లేదు. ఇన్నేళ్ళు నేను కూడా రాయిగానే ఉన్నాను కదా. షాపులో నవ్వుతాను, అమ్మతో గొడవ పడతాను, కానీ ఎవరైనా మంచిగా ఒక మాట అంటే లోపల గట్టిగా మూసుకుపోతుంది. పక్కింటి షెర్లీ క్రిస్మస్‌కు కేకు పంపిస్తే ఎందుకు పంపిందా అని రెండు రోజులు ఆలోచించాను. ఎక్కువసేపు రాయిగా ఉంటే ఏదో ఒకటి తిరిగి రాదు. నాలో ఏది తిరిగి రాదో, అసలు ఏదైనా తిరిగి వస్తుందో రాదో, ఈ భయమే నాది, సర్పంచి పదవి గురించి కాదు.

ఎర్రదీపం కింద వెలుతురు చీలింది. మోకాళ్ళు తగిలించుకుంటూ, సారీ బాబూ సారీ అంటూ వచ్చి కూర్చున్నాడు. ఒళ్ళో పఫ్ పెట్టాడు. “లైను పెద్దదిగా ఉంది. అయిపోతే కొత్తవి కాల్చిందాకా నిలబడ్డా” అన్నాడు. నేను కాగితం విప్పాను. వేళ్ళు చురుక్కుమన్నాయి. వేడిగా ఉంది. పొగ కక్కుతోంది, కొరికితే నాలుక కాలింది, ఉల్లిపాయ ముక్క అంగిట్లో అతుక్కుంది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కాలినందుకే. మండలాఫీసుకు పోయొస్తే పఫ్ వేడిగా ఉండదు. లైనులో నిలబడ్డాడన్న మాట నిజం. ఒక్క పఫ్ వేడిగా ఉన్నంత మాత్రాన నమ్మేస్తానా? నమ్మను. కానీ మొత్తం తిన్నాను.

అప్పుడొచ్చింది అసలు సీను. ఈ సినిమా మొత్తానికి ఈ ఒక్క సీను చాలు, టికెట్ దండగ కాలేదు అనిపించింది. కొండయ్య హెలికాప్టర్లన్నీ వదిలేసి పాత క్వారీకి తిరిగొస్తాడు. అక్కడ ముసలి మేస్త్రీ ఉంటాడు, మొదటి భాగంలో వీడికి పని నేర్పినవాడు, ఇప్పుడు చూపు మసక. జనమంతా మన కొండయ్య, మన కొండయ్య అని మీద పడుతుంటే ముసలాయన మాత్రం కదలడు. దగ్గరికి రమ్మంటాడు. ఎడమ చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ తడుముతాడు. వెనక పాట లేదు, మ్యూజిక్ లేదు, గాలి చప్పుడొక్కటే. ఉంగరపు వేలు దగ్గర ఆగి, నొక్కి, వదిలేస్తాడు. “మా కొండయ్యకు ఒక వేలు రాయి. నీకు అన్నీ బాగున్నాయి. నువ్వెవరివి?” అంటాడు. నేల టికెట్టులో కూడా ఒక్క ఈల లేదు. నాకు ఆ ముసలాయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. అదీ అడగాల్సిన ప్రశ్న! ఏమీ పోగొట్టుకోకుండా తిరిగొచ్చినవాణ్ణి నువ్వెవరివని అడగాలి. కొండయ్య ఏం చెబుతాడా అని కుర్చీ అంచుకు జరిగాను. ఏం చెప్పాడు? ఏమీ చెప్పలేదు. పక్కనున్న లారీని ఒంటిచేత్తో పైకెత్తాడు. జనం జై కొట్టారు, మేస్త్రీ కూడా చేతులు జోడించాడు, దబ్బుమని పాట. పాడు చేశారు. అంత మంచి ప్రశ్నకు లారీనా జవాబు? బలం చూపించమని ఎవరడిగారు, వేలు ఏదీ అన్నాడు గానీ.

ఆ తర్వాత కొండ కూలడం, డ్యాము పగలడం, హీరో రాయై అడ్డం నిలబడడం, గంటల తరబడి నిలబడడం. ఈసారైనా ఏదో ఒకటి రాయిగా మిగిలిపోతుందనుకున్నాను, ఒక చెవో, ఒక కన్నో. ఏమీ మిగలలేదు. నీళ్ళు దిగిపోయాయి, వాడు నవ్వుతూ జుట్టు విదిలించుకున్నాడు. పేర్లు పడుతుంటే జనం లేవలేదు, మూడో భాగానికి తోక ఉంటుందట. శిథిలాల కింద విలన్ కన్ను తెరుచుకుంది, మళ్ళీ ఈలలు. మేము మెట్లు దిగుతుంటే గోపాలకృష్ణ నా వెనక ఒక మెట్టు పైనే నడిచాడు. “బాగుందా?” అని అడిగాను, చూద్దామని. “ఆ ముసలాయన అడిగింది బాగుంది” అన్నాడు. ఇంకో మెట్టు దిగి, “లారీ ఎత్తకుండా ఉండాల్సింది” అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. నా మనసులో మాట ఈయన నోట వచ్చినా అనుమానమే, ఎవరైనా చెప్పి పంపారా అని.

బయట ఎండ ముఖం మీద కొట్టింది. బండ్ల స్టాండు దగ్గర నిలబడ్డాం. మళ్ళీ ఆయన జేబు గుయ్‌మంది. ఈసారి బయటికి తీశాడు, కట్ చెయ్యబోయాడు, నేను తొంగి చూశాను. బాబాయి అని ఉంది. అదిగో. పొద్దుటి నుంచి నేను అనుకున్నది అక్షరాలా ఆ తెర మీద వెలుగుతోంది. సంతోషపడాలి కదా నేను? గెలిచినట్టే కదా?

“ఎత్తు” అన్నాను.

“తర్వాత మాట్లాడతాలే. బస్సు ఎక్కిస్తా పద.”

“ఎత్తి స్పీకర్ పెట్టు.”

నా వైపు చూశాడు. అవతల నుంచి ఏ మాట రాబోతోందో ఆయనకు తెలుసు, తెలుసని నాకు తెలుసు, ఆ సంగతీ ఆయనకు తెలుసు. కట్ చెయ్యొచ్చు. చార్జింగ్ లేదనొచ్చు. రోడ్డు మీద ఎందుకనొచ్చు, మగవాడు, ఏమైనా అనొచ్చు. బొటనవేలు తెర మీదికి వచ్చి ఆగింది. వణుకుతోంది. పట్టపగలు, ఇంత మందిలో, దాచేపల్లి ఫ్యాక్టరీ రోడ్డులో నలభై టన్నుల లారీ తిప్పే చెయ్యి. నొక్కాడు.

“ఏరా, సినిమా అయిందా?” చినమామయ్య గొంతు, ఎప్పటిలాగే మెత్తగా. “ఏమంటంది? ఒప్పుకుందా? ఊళ్ళో ఆడోళ్ళంతా దాని పేరే ఎత్తుతుండారు, ఆ గురవమ్మ ముందు. అది లేకపోతే ఈసారి మనకి ఓట్లు రాలవు. ఏదోటి చెప్పి తీసుకురారా. ముందు నిలబెడదాం, ఆఖరి రోజు సంగతి అప్పుడు చూసుకుందాం.”

గోపాలకృష్ణ అంతా పూర్తి కానిచ్చాడు. అప్పుడు, “బాబాయ్, ఫోను స్పీకర్లో ఉంది. అది నా పక్కనే ఉండాది” అన్నాడు. ఆ మాట మొదటే అనొచ్చు. ఎత్తగానే అని ఉంటే చినమామయ్య సర్దుకునేవాడు, అమ్మాయ్ బాగున్నావా అనేవాడు, నాకేం తెలిసేది కాదు. అనలేదు. గురవమ్మ ముందు, అన్నాడు కదా. గురవమ్మత్త నా పేరు ఎత్తుతోందట. నన్ను నమ్మిందా, ఇన్నాళ్ళకు నమ్మిందా? నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, ఏడుస్తూనే మాట్లాడాను.

“మామయ్యా, నేను తిరపతమ్మని. నిలబడతా. మీ తరఫున కాదు, మా ఆడోళ్ళ తరఫున. నా పేరు ప్రతిపాదించేది గురవమ్మత్త. ఆఖరి రోజు నేను సినిమాకి పోను. మండలాఫీసు అరుగు మీద అందరూ చూస్తుండగా కూర్చుంటా, మూడు కొట్టిందాకా.”

“అది కాదమ్మాయ్…” అని ఆయన ఏదో మొదలుపెట్టాడు. గోపాలకృష్ణ ఫోను కట్టేశాడు. కట్టేసి, చేతిలో ఏం పట్టుకున్నాడో తెలియనివాడిలా చూసుకుంటూ, “రేపట్నుంచి లోడు ఆపేస్తాడు” అన్నాడు తనలో తను. నా వైపు చూడకుండా, “అడగడానికే వచ్చినా. అబద్ధం చెప్పను. ఇంటర్వెల్లో అడుగుదామనుకున్నా. నువ్వు పఫ్ తెమ్మన్నావు, ఇంక నోరు రాలేదు” అన్నాడు.

నమ్మానా? లేదు. ఇంత తేలిగ్గా నమ్మితే నేను ఆ పాటలో కొత్తమ్మాయిని అయిపోతాను. ఇదీ ఇంకో ఎత్తేమో, లోడు ఆగుతుందో లేదో చూడాలి, నామినేషను రోజున ఈయన ఏ అరుగు మీద నిలబడతాడో చూడాలి. ప్యాకెట్ చూసి కాదు, మొలక చూసి చెప్పాలి. కానీ ఆ బొటనవేలు వణకడం నేను నా కళ్ళతో చూశాను. సత్తెనపల్లి బస్సు హాలు ముందు రోడ్డు మీదే వచ్చి ఆగింది, ముప్పాళ్ళ, ముప్పాళ్ళ అని కండక్టరు అరుస్తున్నాడు. గోపాలకృష్ణ పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు. ఇంటికి పోదాం అనలేదు. “పోయేముందు ఒకటి చెప్పు” అన్నాడు. “ఆ కొండయ్యకి ఆ యేలు ఎట్టా రాయయిందే?”

ఏమే అనలేదు, లక్ష్మీ అని కూడా అనలేదు, ఏదో మధ్యలో పడిపోయింది ఆ మాట. బస్సు హారన్ కొట్టింది. నేను చెయ్యి ఊపి బస్సును పొమ్మన్నాను, ఇంకోటి ఉంటుంది. స్టాండు గోడ నీడలోకి జరిగి, కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కన ఆయనకు చోటు చూపించాను.

“నువ్వు పఫ్‌లకని బయటికెళ్ళిన కాడ్నుంచి చెప్తా” అన్నాను. “మధ్యలో లేవకుండా ఇను.”